నోటు కనిపించని ఇంట్లో పిల్లలకు డబ్బు విలువ ఎలా తెలుస్తుంది?

దిల్లీ మెట్రో బ్లూ లైన్ ఒక కొసన ఉన్న స్టేషన్ వైశాలి. ఊరు ఉత్తర్‌ప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలోది, జీవితం మాత్రం దిల్లీది. 2011 జులైలో ఇక్కడికి మెట్రో రావడంతో దిల్లీ, నోయిడాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇది మరింత అనువైన చోటైంది. ఈ అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

ఇలాంటి ఇంట్లో పెరిగే ఆరేళ్ల పిల్లకు డబ్బు ఎలా కనిపిస్తుంది? పాలు, కూరగాయలు యాప్‌లో ఆర్డర్ చేస్తే వస్తాయి. ఈ-రిక్షా ఎక్కితే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు. స్కూలు ఫీజు, మెయిన్‌టెనెన్స్, కరెంటు బిల్లు ఫోన్‌లోనే కట్టేస్తారు. ఆ పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: అమ్మ ఫోన్ నొక్కితే వస్తువు ఇంటికొస్తుంది. పర్సులో నోట్లు తగ్గడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, ‘ఇంకో పది తక్కువైంది’ అని కొట్టు దగ్గర నుంచి వెనక్కి రావడం ఆమె చూడదు.

ముందు తరం పిల్లలకు డబ్బు పాఠం ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. కొట్టుకు పంపి ఉప్పు, చింతపండు తెమ్మంటే, మిగిలిన చిల్లరతో పాటు లెక్క కూడా అప్పజెప్పాల్సి వచ్చేది. 2016లో మొదలైన యూపీఐ ఆ పనిని పిల్లల చేతుల్లోంచి తప్పించింది. అందుకే ఒకప్పుడు దానంతట అదే అబ్బిన విషయాన్ని ఇప్పుడు పనిగట్టుకుని నేర్పాల్సి వస్తోంది.

నేర్పకపోతే నష్టమేమిటి? జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం, అంటే ఎన్‌సీఎఫ్‌ఈ, 2019లో చేసిన సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో కనీస ఆర్థిక అక్షరాస్యత ఉన్నవారు 27 శాతమే. అంటే పిల్లలకు నేర్పాల్సిన పెద్దల్లోనే చాలామందికి ఈ విషయాలు పూర్తిగా తెలియవు. మరోవైపు మోసాలు, క్షణాల్లో అప్పిచ్చే యాప్‌లు, ఫోన్ ఆటల్లోని కొనుగోళ్లు పిల్లలు పెద్దయ్యే దాకా ఆగడం లేదు.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

‘ఏడేళ్లకే డబ్బు అలవాట్లు స్థిరపడిపోతాయి’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. దీనికి మూలం కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ వైట్‌బ్రెడ్, స్యూ బింగమ్ 2013లో బ్రిటన్‌లోని మనీ అడ్వైస్ సర్వీస్ కోసం రాసిన నివేదిక. అది కొత్తగా చేసిన ప్రయోగం కాదు, అప్పటికే ఉన్న పరిశోధనల సమీక్ష. ముందుచూపుతో ఆలోచించడం, కోరికను కాసేపు వాయిదా వేయడం లాంటి వాటికి పునాది చిన్న వయసులోనే పడుతుందన్నది దాని సారాంశం. ఏడు దాటితే ఇక మారరని దానర్థం కాదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం గానీ, ఈ విషయంలో మాను కూడా కొంత వంగుతుంది. అయితే కష్టం ఎక్కువ.

కోరికను వాయిదా వేయడం గురించి మాట్లాడితే స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మాలో ప్రయోగం ప్రస్తావన వస్తుంది. ‘ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు’ అని చెప్పి పిల్లలు ఎంతసేపు ఆగుతారో చూశారు. ఆగిన పిల్లలు తర్వాతి జీవితంలో మెరుగ్గా రాణించారని చాలా కాలం చెప్పుకున్నారు. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ మరింత ఎక్కువమంది పిల్లల సమాచారంతో పరిశీలిస్తే, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా బలహీనపడింది.

తల్లిదండ్రులకు ఇంతకంటే పనికొచ్చేది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన ప్రయోగం. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మిఠాయి పరీక్షకు ముందు కొందరు పిల్లలకు పెద్దవాళ్లు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు, మరికొందరికి మాట తప్పారు. మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే. అంటే ఆగడం పిల్లల గుణం మాత్రమే కాదు, పెద్దల మీద నమ్మకం కూడా. డిబ్బీలో పిల్ల దాచుకున్న డబ్బును ‘తర్వాత ఇస్తాలే’ అని ఇంటి అవసరానికి తీసుకుని తిరిగి వేయకపోతే, ఆ పిల్లకు అందే పాఠం పొదుపు గురించి కాదు.

పాత దిల్లీలో పిల్లలే నడిపిన బ్యాంకు

ఈ విషయంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ వైశాలి నుంచి మెట్రోలో వెళ్లగలిగే దూరంలోనే, పాత దిల్లీలోని ఫతేపురిలో ఉంది. వీధి బాలల కోసం 1989 నుంచి పనిచేస్తున్న బటర్‌ఫ్లైస్ సంస్థ 2001లో అక్కడి రాత్రి బసలో పిల్లల కోసం ఒక పొదుపు బ్యాంకు మొదలుపెట్టింది. మొదట దాని పేరు బాల్ వికాస్ బ్యాంక్. తర్వాత చిల్డ్రన్స్ డెవలప్‌మెంట్ ఖజానాగా మారింది.

అక్కడి పిల్లలు చిన్నాచితకా పనులతో రోజూ కొంత సంపాదించేవారు. రాత్రికి మాత్రం ఏమీ మిగిలేది కాదు. వాళ్లకు పొదుపు చేసే బుద్ధి లేక కాదు. జేబులో పెట్టుకుని పడుకుంటే దొంగలు కొట్టేస్తారు. తెలిసిన దుకాణదారు దగ్గర దాస్తే తిరిగి ఇస్తాడన్న నమ్మకం లేదు. బ్యాంకుకు వెళ్తే చిరునామా, గుర్తింపు కార్డు అడుగుతారు. అలాంటప్పుడు ఉన్న డబ్బును ఆరోజే ఖర్చుపెట్టేయడం వాళ్ల వైపు నుంచి చూస్తే తెలివైన పనే.

ఖజానా చేసింది డబ్బుకు ఒక భద్రమైన చోటు చూపించడం. ప్రతి పిల్లాడికీ ఒక పాస్‌బుక్ ఇచ్చారు. కౌంటర్ దగ్గర కూర్చుని జమ, ఖర్చు రాసే మేనేజర్లు కూడా పిల్లలే. వారిని తోటి సభ్యులే ఎన్నుకుంటారు. కాస్త పెద్ద పిల్లలు చదువుకో, చిన్న వ్యాపారానికో అడ్వాన్స్ అడిగితే ఇవ్వాలా వద్దా అన్న చర్చలోనూ పిల్లలు ఉంటారు. ఈ పద్ధతి తర్వాత దేశంలోని ఇతర ప్రాంతాలకూ, నేపాల్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకూ వెళ్లింది.

అపార్ట్‌మెంట్ పిల్లలకూ, ఫతేపురి పిల్లలకూ పోలిక లేదు. ఒకరికి డబ్బు కనిపించదు, మరొకరికి కనిపించినా నిలవదు. కానీ ఖజానా చూపిన మూడు సంగతులు ఇద్దరికీ వర్తిస్తాయి: దాచుకున్న డబ్బు భద్రంగా ఉంటుందన్న నమ్మకం, రాసి ఉన్న లెక్క, తన డబ్బు మీద తనదైన నిర్ణయం.

బడిలో ఏం చెబుతున్నారు?

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో పదో తరగతి అర్థశాస్త్రంలో ‘డబ్బు, పరపతి’ అన్న అధ్యాయం ఉంది. బ్యాంకు ఎలా పనిచేస్తుంది, తాకట్టు అంటే ఏమిటి, అప్పు ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు ఊబిలోకి లాగుతుంది, స్వయం సహాయక సంఘాలు ఎందుకు వచ్చాయి అన్నవి అందులో ఉంటాయి. తెలుగు పిల్లలు ఈ చివరి విషయాన్ని పుస్తకంలోనే చదవాల్సిన పని లేదు. ఊళ్లో అమ్మమ్మో, మేనత్తో పొదుపు సంఘంలో సభ్యురాలై ఉంటే నేరుగా అడిగి తెలుసుకోవచ్చు.

దీనికి తోడు ఎన్‌సీఎఫ్‌ఈ 6 నుంచి 10వ తరగతి వరకు ఆర్థిక విద్యపై వర్క్‌బుక్‌లు రూపొందించింది. ఆర్‌బీఐ, సెబీ, ఐఆర్‌డీఏఐ, పీఎఫ్‌ఆర్‌డీఏ కలిసి ఏర్పాటు చేసిన సంస్థ ఇది. వీటితో పాటు ఆర్‌బీఐ ‘రాజు, డబ్బుల చెట్టు’, ‘మనీ కుమార్’ తరహా బొమ్మల పుస్తకాలు తెచ్చింది.

వైశాలి పక్కనే, తూర్పు దిల్లీలోని ఖిచ్రీపుర్‌లో మరో ప్రయోగం జరిగింది. దిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2019లో ప్రవేశపెట్టిన వ్యాపార దృక్పథ పాఠ్యక్రమంలో భాగంగా, అక్కడి విద్యార్థులకు తలా 1,000 రూపాయల పెట్టుబడి ఇచ్చి చిన్న వ్యాపారాలు చేయించారు. 2021 సెప్టెంబర్‌లో దాన్ని ‘బిజినెస్ బ్లాస్టర్స్’ పేరుతో 11, 12 తరగతులకు విస్తరించి, విద్యార్థికి 2,000 రూపాయల చొప్పున ఇచ్చారు. ముడిసరుకుకు ఎంత, అమ్మకం ధర ఎంత, మిగిలింది ఎంత అని లెక్క వేసుకోవడం పాఠ్యపుస్తకంలో చదివినదానికంటే భిన్నమైన అనుభవం. ఇది దిల్లీ పాఠశాలల కార్యక్రమం. సరిహద్దుకు ఇవతల, గాజియాబాద్ పిల్లలకు అందలేదు.

పాఠాలతో ఫలితం ఉంటుందా?

దీనిపై పరిశోధకుల్లో గట్టి చర్చే నడిచింది. 2014లో డేనియల్ ఫెర్నాండెజ్, జాన్ లించ్, రిచర్డ్ నెట్‌మేయర్ అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, ఆర్థిక విద్య వల్ల ప్రవర్తనలో వచ్చే తేడా అత్యల్పమని తేల్చారు. నేర్చుకున్నది వెంటనే వాడకపోతే మరచిపోతారని, అవసరమైన సమయానికి దగ్గరగా చెబితేనే ఉపయోగమని వారి వాదన. 2022లో టిమ్ కైజర్ బృందం 76 ప్రయోగాలను పరిశీలించి, సగటున జ్ఞానం మీదా, ప్రవర్తన మీదా మంచి ప్రభావమే ఉందని చెప్పింది.

ఎలా చెబుతున్నామన్నది కూడా ముఖ్యమేనని ఘనాలో జరిగిన ఒక ప్రయోగం సూచిస్తోంది. జేమ్స్ బెర్రీ, డీన్ కార్లన్, మేనక ప్రధాన్ 2018లో ప్రచురించిన ఆ అధ్యయనంలో కొన్ని బడుల్లో పొదుపు పాఠాలు మాత్రమే చెప్పారు. మరికొన్నింటిలో ‘అఫ్లాతూన్’ కార్యక్రమాన్ని అమలు చేశారు. పొదుపుతో పాటు పిల్లల హక్కులు, బాధ్యతల గురించీ చెప్పే ఈ కార్యక్రమానికి మూలాలు ముంబయిలో ఉన్నాయి. జెరూ బిలిమోరియా 1990లలో అక్కడి పిల్లలతో మొదలుపెట్టిన పనే తర్వాత అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది. ఘనాలో రెండు రకాల బడుల్లోనూ పిల్లలు బడిలో దాచుకోవడం పెరిగింది. కానీ డబ్బు పాఠాలు మాత్రమే విన్న పిల్లల్లో పనికి వెళ్లడం కూడా పెరిగింది. హక్కుల పాఠం కలిసిన చోట అలా జరగలేదు. డబ్బు గురించి చెప్పేటప్పుడు ‘సంపాదించు’ అన్న మాట ఒక్కటే పిల్లల చెవిన పడితే ఏం జరగవచ్చో ఇది చెబుతోంది.

పిల్లల పేరిట దాచడం వేరు, పిల్లలు దాచుకోవడం వేరు

ఈ రెండింటినీ చాలా ఇళ్లలో ఒకటిగా చూస్తారు. సుకన్య సమృద్ధి యోజన 2015 జనవరిలో మొదలైంది. పదేళ్లలోపు ఆడపిల్ల పేరిట ఖాతా తెరవాలి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర రూపాయలు జమ చేయవచ్చు. 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మెచ్యూర్ అవుతుంది. వడ్డీ రేటును కేంద్రం ప్రతి మూడు నెలలకూ సమీక్షిస్తుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఎన్‌పీఎస్ వాత్సల్య పిల్లల పేరిట పింఛను ఖాతా. ఇవి పెద్దల పొదుపు పథకాలు. ఇవి ఉన్నాయని పిల్లకు డబ్బు గురించి తెలిసిపోదు. సుకన్య పాస్‌బుక్‌ను ఏడాదికొకసారి ఆమె ముందు తెరిచి, ‘మేం వేసింది ఇంత, వడ్డీ ఇంత’ అని చూపిస్తే మాత్రం అదే మంచి పాఠమవుతుంది.

పిల్లలు స్వయంగా నడుపుకొనే ఖాతాకు దారి వేరే ఉంది. పదేళ్లు దాటిన మైనర్లు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని ఆర్‌బీఐ 2014 మేలో బ్యాంకులకు అనుమతినిచ్చింది. 2025 ఏప్రిల్‌లో నిబంధనలను సవరించి మళ్లీ స్పష్టం చేసింది. వాటి ముఖ్యాంశాలివి:

– ఏ వయసు పిల్లలకైనా సంరక్షకుల ద్వారా ఖాతా తెరవవచ్చు. తల్లి కూడా సంరక్షకురాలిగా ఉండవచ్చు.

– పదేళ్లు, ఆపైన వయసు పిల్లలు సొంతంగా ఖాతా నడపవచ్చు. ఎంత మొత్తం వరకు అన్నది బ్యాంకు నిర్ణయిస్తుంది.

– ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్, చెక్ బుక్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం.

– ఖాతాలో ఉన్నంతే తీయగలగాలి. ఓవర్‌డ్రాఫ్ట్ ఉండకూడదు.

– పద్దెనిమిది నిండాక కొత్తగా సంతకం నమూనా, నిర్వహణ సూచనలు తీసుకోవాలి.

ఎస్‌బీఐలో పెద్దలతో కలిసి నడిపే ఖాతాకు ‘పహలా కదమ్’ అని, పదేళ్లు దాటి ఒకేలా సంతకం పెట్టగల పిల్లల ఖాతాకు ‘పహలీ ఉడాన్’ అని పేర్లు. తపాలా కార్యాలయంలోనూ పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరిట సేవింగ్స్ ఖాతా తెరవవచ్చు.

పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. పిల్లల పేరిట వేసిన డిపాజిట్‌పై వచ్చే వడ్డీని సాధారణంగా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలుపుతారు. పిల్లలు తమ ప్రతిభతో సంపాదించినదాన్ని అలా కలపరు.

వయసును బట్టి ఇంట్లో ఏం చేయవచ్చు?

మూడు నుంచి ఆరేళ్లు: డిబ్బీ కంటే గాజు సీసా మేలు, లోపల పెరిగేది కనిపిస్తుంది. వారానికి ఒక్కసారైనా కూరగాయల బండి దగ్గర నోటు ఇప్పించి చిల్లర తీసుకోనివ్వాలి. కావాల్సినవి, కోరుకునేవి వేరని బియ్యం, చాక్లెట్ల ఉదాహరణతో చెప్పవచ్చు.

ఏడు నుంచి పదేళ్లు: వారానికి ఒక స్థిరమైన మొత్తం ఇవ్వాలి. చిన్నదైనా ఫరవాలేదు, రోజు తప్పకూడదు. వారానికి 50 రూపాయలు ఇస్తే, అందులో 30 దాచుకుంటే, 600 రూపాయల బ్యాడ్మింటన్ రాకెట్ 20 వారాల్లో వస్తుంది. ఆ లెక్కను గోడకు అతికించిన కాగితం మీద పిల్లే రాయాలి. మధ్యలో డబ్బంతా స్టిక్కర్లకు పెట్టేస్తే, మిగతాది అమ్మానాన్నలు కలిపి కొనిపెట్టకూడదు. 50 రూపాయలతో పోయే తప్పు ఇప్పుడే జరగడం మంచిది.

ఊరి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మమ్మ, తాతయ్య చేతిలో పెట్టే నోటు, పుట్టినరోజుకు పొరుగువాళ్లు కవర్లో పెట్టి ఇచ్చే 101 రూపాయలు కూడా పిల్లల డబ్బే. అందులో ఎంత ఖర్చుకు, ఎంత ఖాతాకు అన్నది ముందే మాట్లాడుకుంటే తర్వాత పేచీ ఉండదు.

పదకొండు నుంచి పద్నాలుగేళ్లు: సొంత ఖాతా, వడ్డీ లెక్క. 1,000 రూపాయలు 6 శాతం చక్రవడ్డీకి వేస్తే పదేళ్లకు సుమారు 1,790 అవుతుంది. అదే పదేళ్లలో ధరలూ పెరుగుతాయి కాబట్టి ఆ 1,790తో ఇవాళ్టి 1,790 రూపాయల సరుకు రాదని కూడా చెప్పాలి. ఇంట్లో ఒక నెల కరెంటు బిల్లును పిల్లల చేతికిచ్చి, ఏసీ నెలకు ముందు బిల్లుతో పోల్చమంటే ఖర్చు అంటే ఏమిటో తెలుస్తుంది.

పదిహేను నుంచి పద్దెనిమిది: అప్పు, బీమా, పన్ను, పే స్లిప్. 24,000 రూపాయల ఫోన్‌ను నెలకు 2,200 చొప్పున 12 నెలలు కడితే మొత్తం 26,400. ఆ 2,400 దేనికి కడుతున్నామో వాళ్లే చెప్పగలగాలి. అప్పు చేసి పప్పుకూడు తినొద్దన్న సామెతకు ఇవాళ్టి రూపం వాయిదాల పద్ధతి. అయితే ఇంటి రుణం, చదువు రుణం కూడా అప్పులే. దేనికి, ఎంత వడ్డీకి, ఎలా తీర్చాలి అన్న మూడు ప్రశ్నలు వేయడం నేర్పాలి.

ఇంటి పనికి డబ్బు ఇవ్వాలా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. తిన్న కంచం తీయడం, తన గది సర్దుకోవడం ఇంట్లో ఉన్నందుకు చేసే పనులు, వాటికి ధర పెడితే రేపు ‘నాకు డబ్బు అక్కర్లేదు, చేయను’ అనవచ్చు. కారు కడగడం, పాత పేపర్లు కట్టి అమ్మడం లాంటి అదనపు పనులకు ఇవ్వడం వేరు. మార్కులకు, ర్యాంకులకు డబ్బు ముడిపెట్టడం ఈ రెండింటికంటే సమస్యలు తెచ్చేది.

ఫోన్‌లో ఉండే ప్రమాదాలు

ముందుగా పిల్లలకు బట్టీ పట్టించాల్సింది ఒకటే: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతోందని అర్థం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెడితే ఆ గంటలు వృథా అవుతాయి. కాబట్టి ‘ముందు చెప్పు, తర్వాత మాట్లాడుకుందాం’ అన్న హామీ ఇంట్లో ఉండాలి.

డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆటలో దుస్తులు, ఆయుధాలు కొనుక్కునే ఏర్పాటు మాత్రం చాలా ఆటల్లో ఉంది. గూగుల్ ఫ్యామిలీ లింక్, ఆపిల్ ‘ఆస్క్ టు బై’ సెట్టింగ్‌లు ఆన్ చేస్తే పెద్దల అనుమతి లేకుండా కొనుగోలు జరగదు.

పిల్లల చేతికి యూపీఐ ఇవ్వాలనుకుంటే, తమ పిన్ చెప్పడం కంటే 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్ లాంటి పరిమితులున్న పద్ధతి మేలు. ఇందులో ఖాతాదారు తన ఖాతా నుంచి చెల్లించే అధికారాన్ని నమ్మకస్తులకు ఇవ్వవచ్చు. పూర్తి అధికారం ఇచ్చినా నెలకు 15,000, ఒక్కో చెల్లింపునకు 5,000 రూపాయలు మించకుండా పరిమితి పెట్టారు. ప్రతి చెల్లింపును పెద్దలే ఆమోదించే పద్ధతీ ఉంది. బ్యాంకు, యాప్ ఏ వయసు నుంచి అనుమతిస్తున్నాయో ముందే చూసుకోవాలి.

చట్టం మైనర్లకు ఒక రక్షణ ఇస్తోంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. మైనర్ రాసిచ్చిన తాకట్టు చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో మొహరీ బీబీ కేసులో తేల్చింది. పద్దెనిమిదో పుట్టినరోజున ఆ రక్షణ పోతుంది. ఆ మర్నాటి నుంచి క్రెడిట్ కార్డు, లోన్ యాప్ అన్నీ అందుబాటులోకి వస్తాయి. అంతవరకు ఉన్న సమయమే నేర్పడానికి ఉన్న సమయం.

వైశాలి లాంటి చోట దీన్ని మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వారంలో ఒక రోజు సంతకు నగదుతో వెళ్లడం, నెలకొకసారి ఫోన్‌లోని లావాదేవీల జాబితాను పిల్లలతో కూర్చుని చదవడం చాలు. పాలకు ఎంత, ఆటోలకు ఎంత, ఇంటికి తెప్పించుకున్న తిండికి ఎంత అని ఆ జాబితాను మూడు నాలుగు గడులుగా విడదీస్తే, ఇన్నాళ్లూ ఫోన్ వెనక జరిగిన ఖర్చు వాళ్ల కళ్ల ముందుకు వస్తుంది. ఆ జాబితా చూసి పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్నింటికి పెద్దల దగ్గర కూడా జవాబు సిద్ధంగా ఉండకపోవచ్చు.